ఊపిరి తీసుకునే పాట

నార్సింగిలో మేముండే అపార్టుమెంట్ల వాట్సాప్ గ్రూపులో నిన్న ఒక వీడియో వచ్చింది. సన్నగా, చురుగ్గా ఉన్న ఒక అమ్మాయి అద్దం ముందు నిలబడి, బతుకమ్మ ఆడేటప్పుడు కుడికాలు ఎప్పుడు వెయ్యాలో, నడుము ఎంతవరకు వంచాలో, చప్పట్లు కొట్టేటప్పుడు మొహం మీద చిరునవ్వు ఏ పాళ్లలో ఉండాలో నేర్పిస్తోంది. కింద కమిటీవారి గమనిక: అందరూ వీడియో చూసి రావాలి, రేపు సాయంత్రం క్లబ్ హౌసులో రిహార్సలు, చీర రంగు ఆకుపచ్చ. మోకాళ్లు అరిగినవాళ్లకు మినహాయింపు ఏమైనా ఉందా అని అడుగుదామనుకున్నాను గానీ, గ్రూపులో హాస్యమాడితే అడ్మిన్ గారు నొచ్చుకుంటారని పాత అనుభవం ఉండడం వల్ల బొటనవేలు గుర్తు పెట్టి ఊరుకున్నాను.

ఆ వీడియో చూస్తూ చూస్తూనే గోపన్‌పల్లి వెళ్లిపోయాను. కారులో అయితే ట్రాఫిక్కును బట్టి ముప్పావుగంటో గంటో పడుతుంది; ఇలా అయితే టీ చల్లారేలోపు వెళ్లి రావచ్చు.

తొంభైల చివరి రోజులు అవి. మా పెదనాన్న కూతురు, నేను అక్క అని పిలిచే మనిషి, గోపన్‌పల్లి పక్కనే ఉన్న పెద్ద యూనివర్సిటీలో గుమాస్తా ఉద్యోగం వచ్చి కాకినాడ నుంచి దిగింది. ఆమె వెనకాలే నేను, మాదాపూర్‌లో కొత్తగా లేచిన గుండ్రటి భవనంలో కంప్యూటర్ ఉద్యోగం దొరికి వచ్చాను. మా గదిలో మూడో మనిషి ఆ యూనివర్సిటీ దవాఖానలోనే నర్సు, కరీంనగర్ వైపు నుంచి వచ్చిన క్రైస్తవుల అమ్మాయి. ముగ్గురిలో ఇద్దరికి ఉద్యోగం నడిచి వెళ్లేంత దూరం కాబట్టి మెజారిటీ ప్రకారం గోపన్‌పల్లిలోనే అద్దెకు దిగాం. మైనారిటీనైన నేను రోజూ పొద్దున్నే లింగంపల్లి దాకా ఆటోలో ఒకరి ఒళ్లో సగం కూర్చుని, ప్రజాస్వామ్యం గురించి ఆలోచించుకుంటూ వెళ్లేదాన్ని.

నా పని ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం. దానికి నెలనెలా జీతం కూడా ఇస్తారని చెబితే, ఇంట్లో ఇన్నేళ్లూ ఊరికే చేసిపెట్టావు కదే అని మా అమ్మ బాధపడింది. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీ మరిచిపోయి లోకం ఆగిపోతుందని అప్పట్లో పేపర్లనిండా కంగారుగా ఉండేది, మన వయసు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. లోకం ఆగకుండా చూసే ఆ మహత్కార్యంలో నాకూ ఒక కుర్చీ కేటాయించారు. దానికి ఒక చక్రం ఉండేది కాదు.

ఇప్పుడు ఆ దారిలో ఆకాశం చూడాలంటే తల బాగా ఎత్తాలి గానీ, అప్పుడు మా డాబా మీద నిలబడితే కనుచూపు మేర రాళ్లు, రాళ్ల మీద మేకలు, రాళ్ల సందుల్లో పచ్చగా తంగేడు పొదలు. ఇంటి యజమానురాలిని ఊరంతా పెద్దమ్మ అనేది, మేమూ అదే అన్నాం. నిలువెత్తు మనిషి, నుదుటి మీద రూపాయంత బొట్టు, ఏ మాటైనా ఆజ్ఞలాగే వినిపించే గొంతు. ఆమె వాకిలి ముందు ఒక పెద్ద ఖాళీ జాగా ఉండేది. ఊరి ఆడవాళ్లు ఎన్ని తరాలుగానో బతుకమ్మ ఆడేది ఆ జాగాలోనే. దాన్ని ఆనుకుని, పెద్దమ్మ ఇంటి పక్కింట్లో ఆమె తోడికోడలు ఉండేది. ఆ వైపు వాళ్లు యారాలు అంటారు. ఆమెను మేం చిన్నమ్మ అనుకునేవాళ్లం. రెండిళ్లకూ నడుమ గోడ ఒకటి, కట్టి రెండు మూడేళ్లయినా ఇంకా సున్నం కూడా వెయ్యనిది.

ఆ గోడ కథ చెప్పకుండా ముందుకు వెళ్లలేను. అన్నదమ్ములిద్దరూ వాకిలి పంచుకున్నారు. పంచుకున్న మర్నాడు కూడా ఎప్పటిలాగే ఒకే స్కూటరు మీద లింగంపల్లి వెళ్లి, ఒకే బల్ల దగ్గర కూర్చుని చాయ్ తాగి వచ్చారు. పంపకంలో ఎక్కడా వేలిముద్రయినా వెయ్యని వాళ్ల భార్యలు మాత్రం మాటలు మానేశారు. పెద్దమ్మ దగ్గరుండి కట్టించిన గోడ జానెడు తన వైపుకు జరిగిందని చిన్నమ్మ అంది. జరగలేదని పెద్దమ్మ అంది. ఆ జానెడు జాగాలో చెప్పుల జత విప్పితే మడమలు బయటికి వస్తాయి. అయినా దాని కోసం ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు, ఒకరి సంగతులు ఒకరు మా ద్వారా కనుక్కోవడం మాత్రం మానలేదు. ఆమెకు దగ్గు తగ్గిందా అని ఈ వైపు నుంచి, ఈమె ఇవాళ ఏం వండింది అని ఆ వైపు నుంచి మా నర్సును అడిగేవారు. నర్సు పాపం ఇద్దరికీ జవాబులు చెప్పేది. నేనైతే చిల్లర ఏమైనా ఇస్తారా అని అడిగేదాన్ని.

ఇందులో చిక్కు ఏమిటంటే, ఆ ఊళ్లో బతుకమ్మకు పాట చెప్పేది చిన్నమ్మ. బతుకమ్మ ఆటలో ఒకరు పాట ఎత్తుకోవాలి, మిగిలినవాళ్లందరూ ప్రతి చరణం చివర ఉయ్యాలో అని అందుకుంటూ, వంగి చప్పట్లు కొడుతూ గుండ్రంగా తిరగాలి. ఇద్దరూ ఆ ఇంటికి కోడళ్లుగా వచ్చినప్పటి నుంచి చిన్నమ్మ ఎత్తుకునేది, పెద్దమ్మ అందరికంటే గట్టిగా అందుకునేది. గోడ లేచాక చిన్నమ్మ తన బతుకమ్మను నెత్తిన పెట్టుకుని పక్కనే ఉన్న నల్లగండ్లకు, తన పుట్టింటికి, వెళ్లిపోవడం మొదలుపెట్టింది. పాట చెప్పే మనిషి పోయేసరికి ఈ జాగాలో ఆట పలచబడింది. దానికి తోడు పొలాలు అమ్ముకుని కొన్ని కుటుంబాలు చందానగర్ వైపు వెళ్లిపోయాయి. గుండ్రం ఏడాదికేడాది చిన్నదవుతూ వచ్చింది.

ఆ ఏడు బతుకమ్మ పండుగ మొదలవడానికి ముందే పెద్దమ్మ మా గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆమె కూర్చోకుండా మాట్లాడిందంటే అద్దె పెంచుతుందేమోనని మాకు గుబులు.

"ఏంది పిల్లా, దినాం కంప్యూటర్ ముంగట కూసుంటవ్ గదా, నడుము వంగుతదా లేదా?" అని నన్ను అడిగింది.

జీతం ఇచ్చేవాళ్ల ముందు బాగానే వంగుతుంది పెద్దమ్మా అన్నాను.

"అయితె ఈపాలి సద్దుల బతుకమ్మకు మీ ముగ్గురు రావాలె. ఇగ నేను బతిలాడుడు లేదు. రాకపోతే నీళ్ల మోటరు ఎయ్య."

బెదిరించడం అయిపోయాక ఆమె గుమ్మం మీదే చతికిలబడి అసలు సంగతి చెప్పింది. ఆ ఖాళీ జాగాను అన్నదమ్ములు అమ్మేశారు. దసరా వెళ్లాక కంచె వేస్తారు, వచ్చే ఏడాదికి ఫ్లాట్లు లేస్తాయి. "మీ కంప్యూటరోళ్ల కోసమేనట," అంది, కొన్నది నేనే అన్నట్టు నా వైపు చూసి. ఆ నెలలో టేబుల్ ఫ్యాను కొనాలా వద్దా అని ఆలోచిస్తున్న నాకు ఆ చూపు కొంచెం గర్వంగానే అనిపించింది. తర్వాత ఆమె గొంతు తగ్గించింది. "మా అత్త ఆడింది ఈడ్నే, ఆమె అత్త ఆడింది ఈడ్నే. గుండ్రం నిండుగ ఒక్కపాలి ఆడి, చేతులు దులుపుకుంట. సగం గుండ్రంతోని సాగనంపుడు నాతోని కాదు బిడ్డా."

పెద్దమ్మ గొంతు అంత చిన్నగా వినిపించడం మాకు అదే మొదటిసారి. మా అక్క చప్పున లేచి, "మీరేం కంగారు పడకండి పెద్దమ్మగారూ, అంతా మేం చూసుకుంటాం కదండీ," అంది. మా అక్క అలా అంది అంటే ఇక చూసుకునేది ఎవరో నాకు తెలుసు.

నర్సు మాత్రం ఆ రాత్రి అన్నం కలుపుతూ తన సంగతి చెప్పింది. వాళ్ల ఊళ్లో చర్చి ప్రహరీ పక్కనే బతుకమ్మ ఆడేవారట. వాళ్లమ్మ వెళ్లొద్దు అనేదట. చిన్నప్పుడు ఈ పిల్ల గోడకు ఇవతల నిలబడి, అవతలి చప్పట్లకు సరిగ్గా తన చప్పట్లు కలిపేదట. చివరికి తనకు తనే తీర్పు చెప్పుకుంది: "పూలు పేర్చను, మొక్కను. చప్పట్లయితే మా చర్చిల గూడ కొడతం. గుండ్రం నిండాలె అంటుంది గదా, నిండుతా." మతాల గురించి అంతకంటే పొడుగ్గా మాట్లాడిన మనుషులను తర్వాత నేను చాలామందిని చూశాను, అంతకంటే బాగా తేల్చినవాళ్లను చూడలేదు.

మా అక్క ఉద్యోగరీత్యా ఏ పనినైనా పద్ధతిగా చెయ్యాలనే మనిషి. పాట చెప్పడానికి మనిషి లేదు, అంతే కదా, దానికి క్యాసెట్ ఉంది కదా అని కోఠీ వెళ్లి ఒకటి కొనుక్కొచ్చింది. డాబా మీద సుద్దముక్కతో గుండ్రం గీసి, అడుగులు పడాల్సిన చోట గీతలు పెట్టింది. టేప్ రికార్డర్ పెట్టుకుని సాయంత్రాలు సాధన. ఆ గీతల మీద నడుస్తుంటే నాకు నవ్వు ఆగేది కాదు. అప్పుడు నా మనసులో ఉన్న అసలు ప్రశ్న వేరు. మనుషులు ఎందుకు ఆడతారు? ఆకలేస్తే తింటాం, నిద్రొస్తే పడుకుంటాం, బయలుదేరిన చోటికే మళ్లీ వచ్చి చేరడానికి గుండ్రంగా నడవడం ఎందుకు? ఆ మాట పైకి అంటే, ఆ విధంగా చూస్తే నా ఆఫీసు ప్రయాణం కూడా అంతేనని నర్సు అంది. ఆమె తక్కువ మాట్లాడేది గానీ, ఆ తక్కువ చాలు.

ఆరో రోజున ఊళ్లో ఎవరూ బతుకమ్మ పేర్చలేదు. ఎందుకని అడిగితే, ఆ రోజు బతుకమ్మ అలుగుతుంది, అందుకే ఆడరు అని చెప్పారు. దేవతకైనా అలగడానికి ఏడాదికి ఒక్క రోజే ఇచ్చారు, ఈ ఇద్దరికీ లెక్కే లేదే అని నేను అంటే, గోడకు ఇటు పెద్దమ్మ, అటు చిన్నమ్మ ఒకేసారి దగ్గారు.

పండుగ చివరిదైన సద్దుల రోజు మేం ముగ్గురం సెలవు పెట్టాం. పొద్దున్నే రాళ్ల మీదికి వెళ్లి తంగేడు పూలు కోసుకొచ్చాను. పెద్దమ్మ ఇత్తడి తాంబాళంలో గుమ్మడి ఆకులు పరిచి, తంగేడు ఒక వరస, రంగులద్దిన గునుగు పూలు ఒక వరస, బంతి ఒక వరస, చుట్టూ చుట్టూ పేర్చుకుంటూ గోపురంలా లేపుతోంది. సాయం చెయ్యమని మా అక్కకు పూలిస్తే, ఆమె చేతులు కోస్తా అలవాటు కొద్దీ చకచకా దండ కట్టేశాయి. పెద్దమ్మ ఆ మూరెడు దండను ఎత్తి పట్టుకుని, "బతుకమ్మకు జడ ఏస్తున్నవా ఏంది బిడ్డా?" అని నవ్వింది. ఆ దండను తర్వాత నేను తలలో పెట్టుకున్నాను. పూలు వృథా కాకూడదు కదా.

పొద్దు వాలేసరికి జాగా శుభ్రంగా ఊడ్చి, కళ్లాపి చల్లి, నడుమ బతుకమ్మలను దించారు. ఊళ్లో మిగిలిన ముసలమ్మలు, ఇద్దరు ముగ్గురు కొత్త కోడళ్లు, ఎదురు వీధిలో అద్దెకుంటున్న గుంటూరు వైపు ఆడవాళ్లు, మేము. పెద్దమ్మ తలలు చూసుకుంటూ గుండ్రం ఎంత వస్తుందో కళ్లతోనే కొలుస్తోంది. పూర్తిగా నిండుగా కాకపోయినా, చేతులు చాస్తే అందేంత దూరాల్లో నిలబడితే గుండ్రం మూసుకుంది. ఆమె మొహంలో కొంచెం వెలుగు వచ్చింది. అప్పుడు మా అక్క, లింగంపల్లి నుంచి అద్దెకు తెచ్చిన మైకు సెట్టు మీట నొక్కింది.

పాట బ్రహ్మాండంగా ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి. వాయిద్యాలు, తాళాలు, వెనక బృందం, అన్నీ అందులోనే. ఉయ్యాలో అనేవాళ్లు కూడా అందులోనే ఉన్నారు. అదే వచ్చిన తంటా. కాసేపు అందరూ వాళ్లతో కలిపి అన్నారు. అనకపోయినా అది ఆగదని తెలిశాక ఒక్కొక్కరే అనడం మానేశారు. ముసలమ్మలు వంగి లేచేసరికి పాట అప్పటికే ముందుకు వెళ్లిపోయేది, చప్పట్లు ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ, వాన వెలిసినాక చూరు నుంచి పడే చుక్కల్లా. పాట మోగుతూనే ఉంది, జనం నడుస్తూనే ఉన్నారు. దూరం నుంచి చూసినవాళ్లు రేషన్ షాపు ముందు వరస అనుకున్నా తప్పు లేదు. పెద్దమ్మ పెదవులు బిగించి, ఆ పెట్టె వైపు చూడకుండా, తన అడుగులు తను వేస్తోంది. సగం గుండ్రంతో సాగనంపలేనన్న మనిషికి మేం నిండు గుండ్రం ఇచ్చాం, దానికి ప్రాణం తీసేసి.

సరిగ్గా అప్పుడే చిన్నమ్మ బతుకమ్మను నెత్తిన పెట్టుకుని తన గుమ్మంలోంచి బయటికి వచ్చింది. నల్లగండ్ల దారి ఆ జాగా పక్కనుంచే. తల తిప్పకుండా వెళ్లిపోవాలని బయలుదేరిన మనిషి, గోడ చివర దాకా వచ్చి ఆగింది. కొంచెంసేపు విన్నది. తర్వాత పెద్దమ్మను కాకుండా, గుండ్రంలో తనకు దగ్గరగా ఉన్న మా నర్సును అడిగింది:

"గా డబ్బల ఉన్నామె ఊపిరి తీసుకోదా ఏంది?"

ముసలమ్మల్లో ఒకామె పక్కున నవ్వింది. నేను మాత్రం నవ్వలేదు, ఆశ్చర్యపోయాను. పొద్దున్నుంచి రాత్రి దాకా తప్పులు పట్టే ఉద్యోగం చేస్తూ, ఇంత సూటిగా ఒక తప్పును ఎవరూ పట్టగా నేను చూడలేదు. ఆ పాటలో ఎక్కడా ఆగడం లేదు. ఒకరు ఆగితేనే కదా ఇంకొకరు అందుకునేది. అప్పుడు ఆ రోజు నేను చేసిన ఒకే ఒక్క పనికొచ్చే పని చేశాను: వెళ్లి ప్లగ్గు పీకేశాను.

ఎంత నిశ్శబ్దం అంటే, మా అక్క నన్ను చూసిన చూపు కూడా వినబడింది. గుండ్రం నిలిచిపోయింది. అందరూ నా వంకే చూస్తుంటే, ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాను: "ఊపిరి తీసుకునే వాళ్లు ఎవరైనా ఉంటే పాడండి మరి, మా మోటరు కట్టయ్యేలా ఉంది."

చిన్నమ్మ నెత్తి మీది బతుకమ్మను దించి, దాన్ని గుండ్రం నడుమ మిగతా వాటి పక్కన పెట్టింది. చీర కొంగు నడుముకు చెక్కుకుని, నర్సు పక్కన కాళ్లు సర్దుకుని, వంగి ఒక చప్పట కొట్టి ఎత్తుకుంది. పాత పాట కాదు, అప్పటికప్పుడు కట్టింది, నా మీదే:

"కంప్యూటరు పిల్ల ఉయ్యాలో, కొంగోలె నడిసింది ఉయ్యాలో..."

కొంగలా నడిచానని ఊరంతా ఒక్క గొంతుతో ఉయ్యాలో అని ధ్రువపరిచింది. నాకు కోపం రావాల్సిన చోట కాళ్లు వాటంతట అవే పడ్డాయి. ఎందుకంటే ఆమె చరణం చివర ఆగుతోంది. అందరూ అందుకున్నారా లేదా అని వింటోంది. లేచేవాళ్లు లేచాకే తర్వాతి మాట. ముసలి మోకాళ్లకు ఒక లయ, కొత్త కోడళ్లకు ఒక లయ కాకుండా అందరికీ సరిపోయే చోట పాటను పట్టుకుని నడిపిస్తోంది. మా అక్క గీసిన గీతలన్నీ ఆ ఆగడంలోనే ఉన్నాయని అప్పుడు తెలిసింది.

గుండ్రం ఊపందుకుంది. మైకు సెట్టు ఆగి మనుషుల గొంతులు వినబడేసరికి ఇళ్లలో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే వచ్చి చేరారు. చిన్నమ్మ అందరినీ వరసగా పాటలోకి లాగింది, మా అక్క దండనూ వదల్లేదు. ఆ తర్వాత, గొంతు మార్చకుండా, అదే నవ్వు మొహంతో:

"నడుమ గోడ లేసె ఉయ్యాలో, నా వాకిలి సన్నమాయె ఉయ్యాలో..."

నోళ్లన్నీ ఆగిపోయాయి. ఉయ్యాలో అంటే అవును, గోడ జరిగింది అని ఒప్పుకున్నట్టు. అనకపోతే పాట తెగుతుంది. అందరూ పెద్దమ్మ వైపు చూశారు. చూడకుండా ఉండే దారి కూడా లేదు, ఎందుకంటే వరసలో అయితే మొహం తిప్పుకోవచ్చు గానీ, గుండ్రంలో ఎదుటి మనిషి ఎప్పుడూ ఎదురుగానే ఉంటుంది. చిన్నమ్మకు సరిగ్గా ఎదురుగా పెద్దమ్మ. ఇద్దరి మధ్యా పూల గోపురాలు. చిన్నమ్మ ఆగింది. ఆమె ఆగితే ఎంతసేపైనా ఆగగలదని ఊరికి తెలుసు.

పెద్దమ్మ వంగింది. నడుము విరిగేంతగా వంగి చప్పట కొట్టి, అందరికంటే గట్టిగా, ఎప్పుడూ అందుకున్నట్టే, "ఉయ్యాలో!" అంది. వెంటనే మిగతా గొంతులన్నీ.

అప్పుడు నా ప్రశ్నకు జవాబు దొరికిందనుకుంటాను. పెద్దమ్మ తన తోడికోడలి ముందు వంగే మనిషి కాదు, చచ్చినా వంగదు. కానీ ఆ ఆటలో అందరూ ఒకేసారి వంగుతారు కాబట్టి ఎవరూ ఎవరికీ వంగినట్టు కాదు. మాటల్లో అయితే ముందు ఎవరు మాట్లాడాలి అనే తగువు తెగదు. ఆటలో ముందు ఎవరు, వెనక ఎవరు? గుండ్రానికి మొదలు చూపించండి చూద్దాం. కలిసి బతకాల్సిన మనుషులకు పరువు పోకుండా రాజీపడే వీలొకటి ఉండాలని, ఎవరో తెలివైన ముసలమ్మ ఏ కాలంలోనో ఈ గుండ్రాన్ని కనిపెట్టి ఉంటుంది.

అంతటితో అయిపోలేదు. జీవితంలో ఎప్పుడూ పాట ఎత్తుకోని పెద్దమ్మ, ఆ చప్పట మీదే, మా నీళ్ల మోటరు మొదలయ్యేటప్పుడు చేసే చప్పుడు లాంటి గొంతుతో ఎత్తుకుంది:

"జాగ పంచుకున్నం ఉయ్యాలో, పాట పంచలేదు ఉయ్యాలో..."

శ్రుతి ఆ చుట్టుపక్కల ఎక్కడా లేదు. ఆ అపశ్రుతికి చిన్నమ్మ కళ్లు మూసుకుంది. మూసుకునే, అందరికంటే ముందు, "ఉయ్యాలో" అంది.

నాటకంలో అయితే ఇక్కడ ఇద్దరూ పరుగెత్తి కౌగిలించుకుని ఏడవాలి. వాళ్లు అలాంటిదేమీ చెయ్యలేదు. చేతులు ఖాళీగా లేవు, చప్పట్లు కొట్టాలి. దీపాలు పెట్టే వేళ దాకా ఆడి, బతుకమ్మలను ఎత్తుకుని ఊరి చివరి కుంట దాకా పాడుకుంటూ వెళ్లి నీళ్లలో సాగనంపి, గట్టు మీద కూర్చుని తెచ్చుకున్న సద్దులు పంచుకున్నాం. పెద్దమ్మ పులిహోర ఒక ముద్ద నోట్లో వేసుకుని చిన్నమ్మ, "ఉప్పు తక్కువైంది," అంది. పాట కాకుండా వాళ్ల మధ్య నడిచిన మొదటి మాట అదే. "నీ నాలికె మీద ఉన్నది గదా, కలుపుకో," అంది పెద్దమ్మ. మా నర్సు నా వైపు చూసి గట్టిగా ఊపిరి వదిలింది. ఇక రెండిళ్ల మధ్యా కబుర్లు మొయ్యాల్సిన పని ఆమెకు తప్పింది.

గోడ మాత్రం పడలేదు. మేస్త్రీ బాగా కట్టాడు. దానికి అటో బండ, ఇటో బండ వేసుకుని, వాటి మీద ఎక్కి నిలబడి గిన్నెలు మార్చుకునేవారు. దసరా వెళ్లాక జాగాకు కంచె పడింది. ఆ రోజు పెద్దమ్మ గుమ్మంలో నిలబడి చూసి, చేతులు దులుపుకుని లోపలికి వెళ్లింది, చెప్పినట్టే. రెండు వేల సంవత్సరమూ వచ్చింది, కంప్యూటర్లు తేదీ మరిచిపోలేదు, నా కుర్చీకి చక్రమూ రాలేదు. కొన్నేళ్లకు ఆ రెండిళ్లూ కూడా ఫ్లాట్లయ్యాయి. అన్నదమ్ములకు పక్కపక్కనే చెరో వాటా వచ్చింది. నడుమ మళ్లీ గోడే, ఈసారి బిల్డరు కట్టింది. జానెడు ఎటు జరిగిందో ఎవరూ కొలవలేదు.

పెద్దమ్మ నాలుగేళ్ల కిందట నిండు వయసులో, నిద్రలో వెళ్లిపోయింది. చిన్నమ్మ ఉంది. ప్రతి ఏటా సద్దుల రోజు ఫోన్ చేస్తుంది. హలో అనదు, బాగున్నావా అనదు, ఒక చరణం ఎత్తుకుని ఆగుతుంది. నేను కూర కలుపుతున్నా, మీటింగులో ఉన్నా, ఉయ్యాలో అని అందుకున్నాకే మిగతా మాటలు. కిందటేడు మాత్రం పాట అయ్యాక, "నువ్వు మంచిగనే అంటవు బిడ్డా, గని దానంత గట్టిగ అనవు," అంది. ఆ తర్వాత కాసేపు ఫోన్‌లో వినబడింది ఊపిరి ఒక్కటే.

ఇవాళ సాయంత్రం రిహార్సలుకు వెళ్లాను. ఆకుపచ్చ చీరే కట్టుకున్నాను. క్లబ్ హౌసు నిండా జనం, గుండ్రం లోపల గుండ్రం. పెద్దమ్మ చూస్తే దిష్టి తీసేది. అన్ని రాష్ట్రాల ఆడపిల్లలూ ఉన్నారు, అడుగులు అందరివీ చక్కగా పడుతున్నాయి, స్పీకర్లు గుండెలోకి మోగుతున్నాయి. నాకు నిజంగానే సంతోషం వేసింది. జనం లేక గుండ్రం చిక్కిపోతుందని భయపడిన రోజులు చూసినదాన్ని నేను. పక్క పిల్ల ఎవరో, ఏ ఫ్లాటో తెలియదు, చెయ్యి తగిలితే నవ్వింది. నేనూ నవ్వాను. వీడియో అమ్మాయి మా మధ్య తిరుగుతూ తప్పులు సరిచేస్తూ నా దగ్గర ఆగి, "ఆంటీ, అన్నీ బాగున్నాయి గానీ, ప్రతి లైన్ చివర మీరు కొంచెం లేట్ అవుతున్నారు," అంది.

మోకాళ్లమ్మా అన్నాను. ఆ అమ్మాయి నమ్మింది, నమ్మదగ్గ కారణమే. కానీ మోకాళ్లకు వంగడంలో చిక్కు గానీ, ఆగడంలో చిక్కేమీ లేదు. ఎవరైనా చరణం ముగించి, అందరూ అందుకున్నారా లేదా అని మా వైపు చూస్తారేమోనని, ఆ జాగాలో పడిన అలవాటు కొద్దీ, ప్రతిసారీ నా కాళ్లు ఒక్క క్షణం ఎదురుచూస్తున్నాయి.